అరువు ఈల

పాత స్టేషన్ వెనక వీధి,
వానలకు ముందు

చిరంజీవి చిన్న తమ్ముడికి,

అక్క దీవెనలు. స్టేషన్ చరిత్ర పుస్తకం కోసం నువ్వడిగిన మామూలు పొద్దున్న ఇది.

అమ్మ అందరికంటే ముందు లేచేది. పొయ్యి వెలిగించాక కిరసనాయిలు వాసన, దాని వెనకే నాన్న బూటు పాలిష్ వాసన. నాన్న బెల్టు తలుపు వెనక మేకుకి వేలాడేది. ఆయన టీ నిలబడే తాగేవారు. కూర్చుంటే యూనిఫాం మడత నలుగుతుందని. ఆ మడతలు రోజూ నేనే ఇస్త్రీ చేసేదాన్ని కాబట్టి నాకు అభ్యంతరం ఉండేది కాదు.

మన క్వార్టరుకీ స్టేషనుకీ మధ్య ఒక్క గోడే. లాకప్‌లో ఎవరైనా దగ్గితే మన వంటింట్లో వినపడేది. తాగి పడిపోయి వారానికోసారైనా లోపలికొచ్చే ఒకాయన ఉండేవాడు, గుర్తుందా? కానిస్టేబుళ్ళంతా ఆయన్ని "శాశ్వతం" అని పిలిచేవాళ్ళు. తెల్లవారగానే ఆయనే ముందు పలకరించేవాడు. "అమ్మగారూ, టీ నీళ్ళు పెట్టారా, లేక నేను ఇంకాసేపు పడుకోనా?" అని. అమ్మ పలికేది కాదు గానీ గ్లాసు మాత్రం పంపేది.

ఆ తర్వాత నాన్న స్టేషన్ ముందు మెట్టు మీదికెళ్ళి స్తంభం మీద చెయ్యి పెట్టుకుని నిలబడేవారు. ఈలల కోసం. ఊరికి అయిదు బీట్లు. బీటంటే ఒక్కొక్కడు రాత్రంతా తిరిగే వీధుల వరస. తెల్లవారగానే ప్రతివాడూ తన బీటు చివర నిలబడి రెండు ఈలలు వెయ్యాలి. ముందు బజారు, తర్వాత గిడ్డంగులు, మిల్లు, ఆసుపత్రి. అన్నిటికంటే దూరం వంతెన, అది ఆఖరున. ప్రతిదానికీ నాన్న ఒక ఈలతో జవాబిచ్చేవారు. అయిదూ అయ్యాక లోపలికెళ్ళి "అందరూ క్షేమం" అని రాసేవారు. మన ఊరి పోలీసు పని మొదటినుంచీ అలాగే నడిచింది. సైకిళ్ళు రాకముందు కూడా ఈలలున్నాయి.

నేను వంటింట్లో ఉండే ఎవరి ఈలో చెప్పేదాన్ని. మిల్లు బీటాయనకి ఆయాసం. "ఇవాళ మిల్లుకి జలుబు చేసినట్టుంది హెడ్డుగారూ" అని శాశ్వతం లోపల్నుంచి అరిచేవాడు. నాన్న మీసం కింద నవ్వేవారు. ఆఖరి ఈల మన పెద్ద తమ్ముడిది. మొదటిది పొట్టిగా, రెండోది సాగదీసి, చివర పైకి విసిరేవాడు. వెక్కిరిస్తున్నట్టుండేది. అది వినగానే అమ్మ పొయ్యి మంట పెంచేది.

కాసేపటికి వాడు తడిసిన బూట్లతో పెరట్లోంచి వచ్చేవాడు. "అమ్మా, తినడానికేమైనా ఉందా? లేక లాకప్‌లో ఉన్నవాళ్ళకే పెడతావా? చెప్పు, నేనూ ఏదైనా దొంగతనం చేసొస్తాను" అనేవాడు. చెల్లి నీకు జడ వెయ్యబోతున్నట్టు నటిస్తూ తల దువ్వేది. నువ్వు ఏడిచేవాడివి. ఆసుపత్రి బీటు కుర్రాడు, అంటే ఇప్పుడు మీ బావ, ఖాళీ గ్లాసు తిరిగిచ్చే వంకతో పెరటి గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఆ గ్లాసు ఎప్పుడు తీసుకెళ్ళాడో ఎవరికీ తెలిసేది కాదు. చెల్లి చూడనట్టే చూసేది.

ఇది మామూలు పొద్దున్న. ఆ పొద్దున్న కాదు. దాని గురించి నువ్వు అడగలేదు, నేనూ రాయడం లేదు.

ఒంట్లో బాగానే ఉంది. కుట్టుపని తగ్గింది. స్టేషన్ ఎత్తేస్తున్నప్పుడు యూనిఫాంలు కుట్టించుకునేవాళ్ళెవరు.

నీ అక్క


నగరం, అచ్చాఫీసు పై గది,
వానలు మొదలైన వారం

పెద్దక్కకి,

నమస్కారాలు. నాకు జడ వెయ్యబోయిన సంగతి పుస్తకంలో వేస్తాననుకోకు. మిగతాదంతా మళ్ళీ మళ్ళీ చదివాను. కింద యంత్రం ఆడుతుంటే నా గది నేల అదురుతూ ఉంటుంది, అయినా కాసేపు మన వంటింట్లోనే ఉన్నట్టుంది.

అడగలేదన్నావు. ఇప్పుడు అడుగుతున్నాను. ప్రూఫులు దిద్దుకునే నేను ఈ పని ఎందుకు ఒప్పుకున్నానో నీకు తెలియదనుకోను. స్టేషన్ ఎత్తేసేముందు చరిత్ర పుస్తకం వెయ్యాలని పైవాళ్ళకి బుద్ధి పుట్టింది, ఆ ఊరివాడెవడైనా ఉన్నాడా అని మా యజమానిని అడిగారు, నేను చెయ్యెత్తాను. ఒక్క వాక్యం కోసం ఎత్తాను.

పుస్తకంలో మొదటి పేజీ డ్యూటీలో చనిపోయినవాళ్ళది. అవే పేర్లు కొత్త స్టేషన్ ఆవరణలో రాయి మీద చెక్కిస్తారు. చివరి పేజీ పనిచేసినవాళ్ళందరిదీ, ఎవరు ఎలా వెళ్ళారో ఒక్కొక్క ముక్కతో. అందులో అన్నయ్య పేరు పక్కన పాత రికార్డులో ఉన్న మాటే వెయ్యమన్నారు. "వంతెన బీటు. ఉదయపు ఈల వేసిన పిమ్మట విధి విడిచి పారిపోయెను."

అక్కా, ఆ రాత్రి వాన. వాగు పొంగింది. వంతెన పక్కన బీటువాళ్ళు నడిచే చెక్కల దారి తెల్లవారకముందే కొట్టుకుపోయిందని అదే రికార్డులో ఉంది. మనిషి కనపడకపోతే వాగులో పోయాడని ఎవరైనా అనుకుంటారు. కానీ తెల్లవారాక వంతెన నుంచి ఈల వినపడింది. విన్నది మన నాన్న. రాసింది మన నాన్న. అంటే చెక్కల దారి పోయాక కూడా అన్నయ్య బతికే ఉన్నాడని లెక్క. అంతకుముందు రోజే "ఈ ఉద్యోగం నాకొద్దు, ఏదో రోజు లేచిపోతా" అని అందరి ముందూ అన్నాడట. ఇంకేం, పారిపోయాడని తేల్చేశారు.

వాడు అలాంటి మాటలు వారానికి పది అనేవాడు కదా? నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాకు మిగిలింది బళ్ళో పిల్లలు నన్ను చూసి వేసే ఈలలే.

అన్నయ్యని చివరి పేజీ నుంచి మొదటి పేజీకి తేవాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు. ఆ పొద్దున్న గురించి నీకేం తెలుసో రాయి.

నీ చిన్న తమ్ముడు


పాత స్టేషన్ వెనక వీధి,
వానల్లో

చిరంజీవి చిన్న తమ్ముడికి,

దీవెనలు. రెండు రోజులు ప్రార్థనలో కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీ పుస్తకంలో ఎవరూ వెయ్యని ఒక సంగతి చెప్తాను. మన స్టేషన్లో అరువు ఈల అని ఒకటుండేది. బీట్ల చివరలు ఒకదానికొకటి దగ్గర. ఎవడైనా తెల్లవారే వేళకి తన చోటుకి చేరలేకపోతే, కునుకు పట్టినా, కడుపు నొప్పి వచ్చినా, పక్క బీటువాడు పరుగెత్తుకెళ్ళి వాడి తరఫున రెండు ఈలలు వేసేవాడు. వాడికి గైర్హాజరు పడకుండా. ఇవాళ నీకు, రేపు నాకు. అందరూ ఇచ్చారు, అందరూ పుచ్చుకున్నారు. నాన్న కూడా కానిస్టేబులుగా ఉన్నప్పుడు ఇచ్చారట. అందుకే మెట్టు మీద నిలబడి తెలిసినా తెలియనట్టుండేవారు. అది మోసమని ఎవరూ అనుకోలేదు. మంచితనం అనుకున్నారు.

ఆ పొద్దున్న వంతెన నుంచి వచ్చిన ఈల పెద్ద తమ్ముడిది కాదు. రెండూ ఒకే పొడుగు, గీత గీసినట్టు. చివర విసురు లేదు. నేను చెయ్యి తుడుచుకుని బయటికెళ్ళి నాన్నతో చెప్పాను.

"అది వాడి ఈల కాదు నాన్నా."

"తెలుసు. ఎవరో అరువిచ్చారు. వానకి ఎక్కడో తలదాచుకుని పడుకునుంటాడు వెధవ. నువ్వు పొయ్యి చూసుకో."

లోపలికెళ్ళి అందరూ క్షేమం అని రాశారు. అమ్మ వాడికి అన్నం మూతపెట్టి ఉంచింది. సాయంత్రం డ్యూటీకి కూడా రాకపోతే అప్పుడు వెతకడానికి వెళ్ళారు. అప్పటికి వాగు ఊరి చెత్తంతా ఊడ్చుకుని ఎటో వెళ్ళిపోయింది.

రాసింది నాన్న మర్నాడు మార్చి ఉండవచ్చు. మారిస్తే ఈల ఎవరిదో చెప్పాలి. ఒకడిది చెప్తే అందరివీ చెప్పాలి. స్టేషన్లో ఒక్క మనిషి మిగిలేవాడు కాదు. ఈలోగా ఇన్‌స్పెక్టరు, వాడు పారిపోయాడని పైకి రాసి పంపేశాడు. ఆ తర్వాత నాన్న ఈలల కోసం మెట్టు మీదికి రాలేదు. లోపల కుర్చీలో కూర్చునే రాసేవారు.

ఇంతకంటే అడగకు.

నీ అక్క


నగరం, అచ్చాఫీసు పై గది

పెద్దక్కకి,

నీ ఉత్తరం చదివి మెట్లు దిగి వీధి చివరిదాకా నడిచి వచ్చాను. యజమాని "ఏమయ్యా, ప్రూఫులో తప్పు దొరికిందా?" అన్నాడు. దొరికిందన్నాను.

నీకో మాట ఎప్పుడూ చెప్పలేదు. చదువవగానే నేనూ పోలీసు ఉద్యోగానికి వెళ్ళాను. పరుగులో నెగ్గాను, ఛాతీ కొలతలో నెగ్గాను. ఆఖరి గదిలో బల్ల వెనక కూర్చున్నాయన నా కాగితాలు చూసి, "ఓహో, పారిపోయినవాడి తమ్ముడివా? నువ్వు ఎంత దూరం పరిగెత్తగలవో ఇందాకే చూశాంలే" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అక్కా. ఏం చెయ్యాలో తెలియక. నీతో పరీక్షే రాయలేదని చెప్పాను.

అడగకు అన్నావు. అడగకుండానే చూశాను. వంతెనకి పక్క బీటు ఆసుపత్రిది. ఆ రాత్రి ఆసుపత్రి బీటు ఎవరిదో ఇక్కడ నా బల్ల మీదున్న పాత కాగితాల్లో ఉంది. గీత గీసినట్టు ఈల వేసేది ఎవరో నీకు ఆ రోజే తెలుసు కదూ?

బావ. నాకు సైకిల్ నేర్పిన మనిషి. బళ్ళో నన్ను ఈలలేసి ఏడిపించిన పిల్లల్ని చెవులు పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చిన మనిషి. నేను ఆయన్ని ద్వేషించడం లేదు. ఎంత ప్రయత్నించినా రావడం లేదు. కానీ ఆయన ఒక్క మాట చెప్తే అన్నయ్య మొదటి పేజీకి వస్తాడు. తెల్లవారే వేళకి వంతెన దగ్గర అన్నయ్య లేడని చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఆయనొక్కడే.

నీ చిన్న తమ్ముడు


పాత స్టేషన్ వెనక వీధి

చిరంజీవి చిన్న తమ్ముడికి,

ఉద్యోగం సంగతి ఇప్పుడు చెప్పినందుకు కోపం లేదు. ఆ నవ్వు సంగతి విని బాధపడ్డాను.

నీకు తెలిసింది నీ దగ్గరే ఉంచుకో. చెల్లికి తెలియదు. ఆ నెలలోనే పెళ్ళి మాటలు అనుకున్నారు. నేను నోరు విప్పితే రెండు జీవితాలు అక్కడే ఆగిపోయేవి, పోయినవాడు రాడు. ఇవాళ మళ్ళీ ఆ వేళ వచ్చినా నేను అలాగే ఊరుకుంటాను. రోజూ ప్రార్థనలో వాడి పేరూ మీ బావ పేరూ పక్కపక్కనే చెప్తాను. మీ బావ ఆ రోజు నుంచి నోటితో ఈల వెయ్యగా నువ్వెప్పుడైనా విన్నావా? కుక్కని కూడా చప్పట్లు కొట్టి పిలుస్తాడు.

బావకి రాయకు.

నీ అక్క


నగరం, అచ్చాఫీసు పై గది

పెద్దక్కకి,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. బావకి రాసిన ఉత్తరం మొన్ననే డబ్బాలో వేశాను.

తప్పుగా ఏమీ రాయలేదు. నిందించలేదు. ఒక్క ప్రశ్నే అడిగాను. పైన "బావ ఒక్కడే చదవాలి" అని పెద్ద అక్షరాలతో రాశాను. చిన్నక్కకి అనుమానం రాదు. ఆయన జాగ్రత్త గల మనిషి.

నీ చిన్న తమ్ముడు


పాత స్టేషన్ వెనక వీధి,
వానలు వెనకపట్టాక

చిరంజీవి చిన్న తమ్ముడికి,

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మీ బావ కళ్ళకి ఆపరేషన్ అయింది. ఆకుపచ్చ అద్దాలు పెట్టారు. నెలదాకా ఏమీ చదవకూడదన్నారు. "వాడికి చెప్పకండి వదినా, సెలవు పెట్టుకుని పరిగెత్తుకొస్తాడు, ఉన్న ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు. నేను చెప్పలేదు. ఆయనకొచ్చే ఉత్తరాలన్నీ చెల్లే చదివి వినిపిస్తోంది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను వాళ్ళ వరండాలోనే చొక్కాకి గుండీలు కుడుతున్నాను. చెల్లి కూరగాయలు తరిగే కత్తిపీట పక్కకి జరిపి కవరు చింపింది. నువ్వు పైన పెట్టిన మాట కూడా గట్టిగానే చదివింది. నవ్వింది.

"బావ ఒక్కడే చదవాలట. ఏం రహస్యమో బావాబామ్మర్దులకి."

"చదవకు మరి" అన్నాడు మీ బావ.

"మీ కళ్ళు నావేగా ఇప్పుడు. వినండి."

నేను లేచి కాగితం తీసుకోబోయాను. అప్పటికే చదివేసింది. "ఆ పొద్దున్న వంతెన దగ్గర అన్నయ్య ఈల వేసింది నువ్వే కదా బావా?" తన గొంతుతోనే అడిగింది. అడిగాక గానీ ఏం అడిగిందో తనకి తెలియలేదు. మళ్ళీ ఒకసారి చదువుకుంది, ఈసారి పెదవులతో.

మీ బావ ఆకుపచ్చ అద్దాల్లోంచి ఎటు చూస్తున్నాడో తెలియదు. "నేనే" అన్నాడు.

"ఎందుకు?"

"వాడు రాలేదు. వాన. తల తడవకుండా ఎక్కడో కూర్చున్నాడనుకున్నా. గైర్హాజరు పడుతుందని పరిగెత్తా."

"ఒక్కసారి వెనక్కి తిరిగి వాగులోకి చూస్తే ఏం పోయేది?"

"వానకి ఇంకా మసకగానే ఉంది. అలవాటు చొప్పున వెళ్ళాను, వేశాను, వచ్చేశాను. వాడు నాకెన్నిసార్లు ఇచ్చాడో నీకు తెలియదు. నీ కోసం పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డ రోజులన్నీ నా ఈల వాడే వేసేవాడు. వాడికి నేను ఇచ్చింది ఆ ఒక్కటే."

చెల్లి కత్తిపీట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తరగడం పూర్తిచేసింది. వండింది. ఆయన కంచం ముందు పెట్టి చెయ్యి పట్టుకుని కూర ఎటుందో అన్నం ఎటుందో చూపించింది. మాట మాత్రం మాట్లాడలేదు. ఇవాళ్టికీ మాట్లాడలేదు.

నేను వచ్చేసేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది. "నీకు తెలుసా అక్కా?" అంది. తెలుసన్నాను. "నాన్నకి?" అంది. తెలుసన్నాను. "అయితే నాకొక్కదానికే తెలియకుండా నా పెళ్ళయిందన్నమాట" అంది.

మీ బావ నగరానికి బయల్దేరుతున్నాడు. అక్కడి ఆఫీసరు ముందు నోటితో చెప్తాడట. ఆయనకి దారి కనపడదు. బస్టాండులో నిలబడు.

నీ అక్క


నగరం, అచ్చాఫీసు పై గది

పెద్దక్కకి,

చిన్నక్కకి నా మొహం చూపించలేను. ముందు జరిగింది రాస్తాను.

బావ బస్సు దిగగానే నా భుజం తడిమి, "సన్నబడ్డావురా, నీకు ప్రూఫులే పెడుతున్నారా తినడానికి?" అన్నాడు. దారంతా అలాంటి మాటలే. ఆఫీసరు గది గుమ్మంలో మాత్రం ఆగి చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు. లోపలికెళ్ళి శాల్యూట్ చేశాడు. ఆఫీసరు ఉన్న వైపు కాకుండా కిటికీ వైపు తిరిగి. నేను భుజం పట్టి తిప్పాను.

అంతా చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. ఆఫీసరు చెడ్డవాడు కాదక్కా. అదే నా బాధ. కుర్చీ వేయించాడు, నీళ్ళు తెప్పించాడు, చివరిదాకా విన్నాడు. అప్పుడు నాతో అన్నాడు.

"పెద్దాయన నిజమే చెప్తున్నారనుకుందాం. నేను నమ్ముతున్నాను కూడా. ఆ ఒక్క ఈల అరువుదైతే మిగతావి?"

"మిగతావేంటండీ?"

"అందరూ ఇచ్చేవాళ్ళం అని ఆయనే అంటున్నారు కదా. అయితే మీ ఊళ్ళో ఏ పొద్దున్న ఎవడు డ్యూటీలో ఉన్నట్టు? మీరు రాస్తున్న పుస్తకం అంతా దేని మీద నిలబడింది? అందరూ క్షేమం, అందరూ క్షేమం. ఆ ఈలలు తీసేస్తే మీ స్టేషనుకి చరిత్రే లేదు. ఇంకో మాట. ఆయన మాట నేను కాగితం మీద పెడితే ముందు ఆయన మీదే విచారణ. ఆ తర్వాత మీ నాన్నగారి మీద, ఆయన లేకపోయినా."

బావ లేచి, "పెట్టండి సార్, నాకేం" అన్నాడు.

"మీరు చెప్పింది నేను వినలేదు. ఇంటికెళ్ళి కళ్ళు జాగ్రత్తగా చూసుకోండి."

ఆఫీసరు గుమ్మం దాకా వచ్చి నాతో విడిగా చెప్పాడు. మొదటి పేజీ అసాధ్యం. తాను చెయ్యగలిగింది ఒక్కటే. కుటుంబం కోరితే అన్నయ్య పేరు పుస్తకంలోంచి పూర్తిగా తీసేస్తాడు. చివరి పేజీలో కూడా ఉండదు. లేదా ఉన్న వాక్యం ఉన్నట్టే. ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నాడు. అచ్చు ఆపి ఉంచారు.

వాడు పారిపోయాడని రాయాలి, లేదా వాడు అసలు లేడని. రెండూ నా చేత్తోనే. అన్నయ్యని వెతకడానికి ఈ పనికి ఒప్పుకున్నాను అక్కా. ఇప్పుడు నేనే వాగునయ్యాను.

మీరు ముగ్గురూ కూర్చుని ఏదంటే అది చేస్తాను.

నీ చిన్న తమ్ముడు


పాత స్టేషన్ వెనక వీధి,
చలి మొదలయ్యాక

చిరంజీవి చిన్న తమ్ముడికి,

దీవెనలు. మొన్న లారీ వచ్చింది. స్టేషన్ బెంచీలు, గడియారం, లాకప్ తలుపు కూడా ఊడదీసి తీసుకెళ్ళారు. తలుపు లేని లాకప్ ఎంత చిన్న గదో. నాన్న చెయ్యి పెట్టుకునే స్తంభం మీద ఆ చోట సున్నం ఇప్పటికీ వేరే రంగులో ఉంది. గిడ్డంగికి అద్దెకిస్తారట.

నీ ఉత్తరం తీసుకుని నిన్న సాయంత్రం చెల్లి ఇంటికెళ్ళాను. దీపాలు పెట్టే వేళ. చదవమని నాకే ఇచ్చింది. తాను ఇక ఎవరి ఉత్తరాలూ గట్టిగా చదవదట. చదివాను. మీ బావ అద్దాలు తీసేశారు గానీ వెలుతురు వైపు చూడలేకపోతున్నాడు. గోడ వైపు తిరిగి కూర్చుని విన్నాడు.

"తీసెయ్యమందాం వదినా" అన్నాడు ముందు. "పారిపోయాడన్న మాట పోతుంది. పుస్తకం చదివేవాడికి వాడి మీద మచ్చ కనపడదు."

చెల్లి ఆయనతో మాట్లాడింది. ఇన్నాళ్ళకి మొదటిసారి.

"మచ్చ పోతుంది. మీ ఈల కూడా పోతుంది."

ఆయన గోడ వైపు నుంచి తల తిప్పాడు.

"ఉదయపు ఈల వేసిన పిమ్మట అని ఉంది కదా. అది మీరు. ఆ పుస్తకంలో మీరున్నది ఆ ఒక్క చోటే. ఉండాలి. మా పెద్ద తమ్ముడు ఈ ఊళ్ళో ఉద్యోగం చేశాడని చెప్పే కాగితం ఇంకోటి లేదు. పారిపోయాడన్నా పరవాలేదు, ఉండి పారిపోయాడు. తీసేస్తే పుట్టలేదు."

"ఉండనీ అయితే" అన్నాడు మీ బావ. ఆ వెంటనే, "చిన్నవాడి చేత రాయించకండి. అది ఒక్కటీ చెయ్యకండి" అన్నాడు.

ఇద్దరూ నా వైపు చూశారు. పెద్దదాన్ని కదా. నేను ఇన్నేళ్ళుగా దేవుణ్ణి అడుగుతున్నది ఒక్కటే, వాడు ఏ నీళ్ళలో ఉన్నాడో ఎవరైనా ఒక్కసారి గట్టిగా చెప్పాలని. మీ బావ చెప్పాడు. విన్నవాడు వినలేదన్నాడు. నేను అడిగింది ఇది కాదు. ఇచ్చింది ఇది. చెల్లి మాటకి తలూపాను.

వచ్చేటప్పుడు చెల్లి ఆయనకి మందు చుక్కలు వేస్తోంది. తల వెనక్కి వంచి రెప్ప పట్టుకుని వేస్తోంది. ఇక ముందు కూడా అలాగే వేస్తుంది. అంతకుమించి ఏమీ ఉండదనుకుంటాను ఆ ఇంట్లో.

నువ్వు సెలవు పెట్టి రాకు. వచ్చినా ఎవరికీ ఏమీ చెప్పలేవు. అన్నం వేళకి తిను.

నిన్న సాయంత్రం మేం తేల్చుకున్నది ఇది. పేరు ఉంచాలి. వాక్యం ఉంచాలి. అది నువ్వు రాయకూడదు. నేనే రాసి పంపుతున్నాను, కింద ఉంది. ఇక్కడిదాకా కత్తిరించి ఉన్నదున్నట్టు అచ్చుకివ్వు. చివరి రెండు మాటలూ రికార్డులో లేవు, నేను కలిపాను. అంతా చదివితే అందులో నిజం ఆ రెండే. వాటిని కొట్టెయ్యడానికి ఆఫీసరుకి కారణం దొరకదనుకుంటాను.

"వంతెన బీటు. ఉదయపు ఈల వేసిన పిమ్మట విధి విడిచి పారిపోయెను. తిరిగి రాలేదు."